అమోనియా లేదన్న కిట్టు

మా రొయ్యల చెరువు మొగల్తూరు వైపు. లీజు భూమి. పోటుకి కాలవలోకి ఎక్కే ఉప్పునీళ్లు తోడుకుని వెనామీ రొయ్య వేస్తాం. ఆ ఏడు వేసవి పంటకి ఇంట్లో ఉన్న బంగారం తాకట్టు పెట్టి రొయ్యపిల్ల తెచ్చాం. మేత, ఏరేటర్లు మా ఆయన చూసుకునేవారు. నీళ్ల పరీక్షలు నావి. పీహెచ్, ఆల్కలినిటీ, అమోనియా, ఉప్పుశాతం అన్నీ పుస్తకంలో రాసేదాన్ని.

రెండో నెల దాటాక చెక్ ట్రేలో మేత మిగలడం మొదలైంది. తర్వాత రొయ్యలు గట్టు వారకి రాసాగాయి. చేత్తో తీస్తే ఎగరలేదు. వల వేస్తే అడుగు నుంచి చచ్చినవి ఎర్రబడి, మెత్తబడి వచ్చేవి.

ముందు అమోనియానే అనుకున్నాం. మేత మిగిలి, రెట్ట పేరుకుని అడుగు కుళ్లితే వచ్చేది అదే. కిట్టు తీశాను. అమోనియా ఉంటే ట్యూబులో నీళ్లు ఆకుపచ్చకి తిరగాలి. లేత పసుపు వచ్చింది, అంటే సున్నా. మా ఆయన కూడా చేసి చూశారు. అదే పసుపు.

అమోనియా లేదంటే ఇక జబ్బే అయ్యుండాలి. 1990ల్లో టైగర్ రొయ్యని తుడిచిపెట్టిన తెల్లమచ్చ పేరెత్తడానికే మా వైపు భయపడతారు. రొయ్యల్ని ఐసులో పెట్టి పీసీఆర్ పరీక్షకి పంపాం. వైరస్ లేదన్నారు. మందుల షాపతను విబ్రియో బాక్టీరియా అన్నాడు. ప్రోబయోటిక్ డబ్బాలు అప్పు మీద వచ్చాయి. సున్నం చల్లమన్నాడు, చల్లించాం. ఆ మర్నాడు చావులు ఇంకా పెరిగాయి. కూలీలు చచ్చిన రొయ్యల్ని బుట్టలకెత్తి గోతిలో పోస్తుంటే ఆ వాసనకి నాకు అన్నం సయించేది కాదు. రాత్రుళ్లు మా ఆయన గట్టు మీదే కూర్చునేవారు. రమ్మన్నా ఇంటికి వచ్చేవారు కాదు.

ఆ సున్నం సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. నీళ్లలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది. పీహెచ్ 7.5 దగ్గర విషరూపం చాలా తక్కువ. 8.5కి వెళ్తే ఆ విషం వాటా ఎనిమిది రెట్ల దాకా పెరుగుతుంది. సున్నం పీహెచ్‌ని పైకి లేపుతుంది. నీళ్లలో అమోనియా ఉందని తెలిస్తే ఏ టెక్నీషియనూ సున్నం జోలికి పోడు. కిట్టు సున్నా చూపింది కాబట్టే షాపతను చల్లమన్నాడు.

మా అమ్మాయి డిగ్రీలో కెమిస్ట్రీ చదివేది. సెలవులకి వచ్చి నా పుస్తకం తిరగేసి, "అమ్మా, ఇంత మేత వేసిన చెరువులో రోజూ సున్నాయే ఎలా ఉంటుంది? కొంచెమైనా హెచ్చుతగ్గులు ఉండాలిగా" అంది. వాళ్ల కాలేజీ ల్యాబ్‌లో అడిగి, అమోనియా ఎంత ఉందో ముందే తెలిసిన నీళ్లు తయారుచేసుకొచ్చింది. కళాయి వేసేవాళ్లు వాడే నవసాగరమే, కాకపోతే ల్యాబ్ రకం, తేమ లేకుండా ఆరబెట్టింది. అది 3.82 గ్రాములు లీటరు నీళ్లలో కరిగితే నైట్రోజన్ లెక్కన 1000 పీపీఎం. అందులోంచి 1 మిల్లీలీటరు తీసి మళ్లీ లీటరు చేస్తే 1 పీపీఎం. ఆ రెండోసారి పోసేది మాత్రం ఉత్త డిస్టిల్డ్ వాటర్ కాదు, మా చెరువుకున్నంత ఉప్పు కలిపింది. ఉప్పునీళ్లలో రంగు తిరిగే తీరు వేరు. కొన్ని కిట్లు రంగుల కార్డు కూడా వేరుగా ఇస్తాయి. నెస్లర్ ద్రావణంతో చేసే కిట్లయితే ఉప్పునీళ్లలో మసకబారిపోతాయి.

ఆ 1 పీపీఎం నీళ్లకి మా కిట్టు లేత పసుపే చూపింది. పక్క చెరువు బాబాయి గారి దగ్గర కొత్త కిట్టు తెచ్చి అవే నీళ్లు పరీక్షిస్తే కార్డులో 1 దగ్గరి ఆకుపచ్చకే వచ్చింది. ఆ కొత్త కిట్టుతో మా చెరువు నీళ్లు చూశాం. కార్డు చివరి రంగు దాటి ముదురు పచ్చగా వచ్చింది. మా ఆయన ఆ ట్యూబు పట్టుకుని నిలబడిపోయారు. ఇన్నాళ్లూ రొయ్యలు విషంలో ఉన్నాయి.

మా కిట్టులో పాడైంది రెండో సీసా. అందులో ఉండేది బ్లీచింగ్ లాంటి ద్రావణం, హైపోక్లోరైట్. వేడికి, కాలానికి దాని శక్తి పోతుంది. అది చచ్చుబడితే అమోనియా ఎంత ఉన్నా రంగు తిరగదు. మూత తీస్తే రావాల్సిన ఘాటు వాసన అందులో లేదు. గడువు తేదీ అట్టపెట్టె మీదే ఉంది, ఇంకా దాటలేదు. ఎండలో రేకుల గోడౌన్లో ఆ పెట్టె ఎన్నాళ్లు ఉందో తేదీ చెప్పదు.

మేత ఆపేశాం. ఏరేటర్లు రాత్రీపగలూ తిప్పాం. అడుగు నీళ్లు తీసి కొత్త నీళ్లు పెట్టాం. బెల్లం నానబెట్టి చల్లాం, బాక్టీరియా దాన్ని తిని పెరుగుతూ అమోనియాని లాగేసుకుంటుందని. చావులు తగ్గాయి. ఆగలేదు. కిలోకి 50 తూగాలని పెంచిన రొయ్యని 100 కౌంట్‌లోనే పట్టించేశాం. వచ్చిన డబ్బు మేత బాకీకే చాల్లేదు.

అమ్మినతను కిట్టు మార్చి ఇచ్చాడు. పంట సంగతి అడిగితే "కంపెనీని అడగండి" అన్నాడు. కంపెనీ బిల్లు నెంబరు తీసుకుంది, అంతే.

ఇప్పుడు మా గట్టున ఎవరు కిట్టు కొన్నా తెలిసిన నీళ్లతో ఒకసారి చూసి గానీ వాడరు. నీడలో, పగటి వెలుతురులో చూస్తారు, బల్బు కింద కాదు. కార్డు మీద లెక్క నైట్రోజన్‌దా అమోనియాదా అని చదువుతారు. రెండింటికీ 1.2 రెట్లు తేడా. ఆల్కలినిటీ కిట్టుకైతే లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 0.168 గ్రాముల వంటసోడా వేసి చూస్తాం, 100 రావాలి. ఈ తెలిసిన నీళ్ల సీసా కిట్లు అమ్మే ప్రతి షాపులో ఉండాలి. కొనేవాడి ముందే ఒక ట్యూబు చేసి చూపించాలి. ఐదు నిమిషాల పని అది. ఇది నేను మండలం మత్స్యశాఖ ఆఫీసులో రాసి ఇచ్చాను, మళ్లీ వెళ్లి అడుగుతాను కూడా.