కాఫీ కొట్టులోని చలివేంద్రము

మా అవ్వ నన్ను వెంటబెట్టుకొని ఎమ్మిగనూరునుండి ఆదోనికి వచ్చిన ప్రతి వేసవియందును, బస్సు దిగిన వెంటనే మా కాళ్ళు బంధువుల యింటి దారి పట్టక, తాటాకు పందిరి క్రింద, తడి ఇసుకమీద, తడిపిన గోనెపట్టా కప్పుకొని కూర్చున్న మట్టి బానల వైపునకు తమంత తామే నడచెడివి. అచ్చట నీళ్ళు పోయుచుండిన ముసలాయన మా ఊరేదనిగాని, పేరేదనిగాని ఏనాడును అడిగి యెరుగడు. అవ్వ మాత్రము నాకు ప్రతిసారియు ఒక్కటే మాట చెప్పెడిది: "చెంబు ఎంగిలి చేయొద్దురా, ఎత్తి పోసుకో."

ఆ చలివేంద్రము నాకు మరల కనబడినది 2010 ఆగస్టులో, డాలస్ నగరమున, ఒక కాఫీ కొట్టునందు. అంతకు నెలనాళ్ళ ముందే, జులై 1న, స్టార్‌బక్స్ సంస్థ అమెరికాలోని తన సొంత దుకాణములన్నింటను వైఫైని ఉచితము చేసియుండెను. అంతకు పూర్వము దానికి రుసుమో, సంస్థవారి కార్డో, గంటల లెక్కయో ఉండెడిది. అద్దె గదికి ఇంటర్నెట్టు పెట్టించుకొను స్తోమత లేని విద్యార్థినగు నేను, ఉన్నవానిలో చౌకయైన చిన్న కాఫీ నొకదానిని కొని, అది చల్లారి చేదెక్కువరకు గుటక గుటకగా సాగదీయుచు, మూడేసి గంటలు మూలబల్లను విడువక కూర్చుండెడివాడను. అచ్చట ఉదయము తొమ్మిదియైనప్పుడు ఎమ్మిగనూరులో రాత్రి ఏడున్నర. మా నాయన మగ్గపు గుంటనుండి లేచి, కాళ్ళు కడుగుకొని, బస్టాండు దగ్గరి ఇంటర్నెట్టు సెంటరుకు వచ్చి, గంటకింతయని చెల్లించి తెరమీద కనబడెడివాడు.

"నీకాడ గంటకు ఎంతప్పా?" అని ఒకనాడు ఆయన యడిగెను.

"ఊరకే నాయనా" అంటిని.

1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘమునందు సభ్యుడై, నూలుకు నూలు, కూలికి కూలి లెక్క వ్రాయించుకొనుచు జీవితము గడపిన మా నాయన కొంతసేపు ఊరకుండి, "ఊరకే ఇచ్చేదానికి యాడో ఒక చోట లెక్క రాసింటారు, చూసుకో" అనెను.

ఆ మాట అర్థమగుటకు నాకు రెండేండ్లు పట్టెను. ఒక విమానాశ్రయపు కాఫీ కొట్టులో, పేరున ఒక్క అక్షరము మాత్రమే తేడాగల రెండు వైఫైలు నా ఫోనులో కనబడగా, తొందరలో రెండవదానిని తాకితిని. ఒక పుట తెరుచుకొని నా ఈమెయిలును, దాని పాస్‌వర్డును అడిగెను. దాహార్తుని ఆత్రముతో రెండును వ్రాసి యిచ్చితిని. నేను పరదేశమున చిక్కుకొంటిననియు, తక్షణము డబ్బు పంపవలెననియు మరునాటికి స్నేహితులందరికిని నా పేరిట ఉత్తరములు పోయినవి. వారిలో ఒకడు ఫోను చేసి, "ఇంత మంచి ఇంగ్లీషు నీకెప్పుడొచ్చిందిరా?" అని యడుగుటచేత గుట్టు బయటపడెను.

పాస్‌వర్డు లేని వైఫైలో మన మాటలు కార్డు ముక్కలవలె పోవును. దారిలో ఎవడైనను చదువవచ్చును. 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ అను ప్రోగ్రామరు ఫైర్‌షీప్ అను చిన్న సాధనమును విడుదల చేసి, ప్రక్కబల్లవాని ఫేస్‌బుక్ ఖాతాలోనికి ఇంచుమించు ఒక్క నొక్కుతో జొరబడవచ్చునని లోకమునకు చూపెను. పిదప వెబ్‌సైట్లు ఒక్కొక్కటిగా తమ ఉత్తరములను కవరులో పెట్టి అంటించుట నేర్చినవి. చిరునామా మొదట హెచ్‌టీటీపీఎస్ అని యుండుట ఆ అంటించిన కవరునకు గుర్తు. కావున ప్రక్కవాని భయము నేడు చాలవరకు తగ్గినది. ఐనను కవరెంత గట్టిదైనను, నేను చేసినట్లు దానిని దొంగ చేతికే అందించినచో ఫలమేమి? అందుచేత నేటికిని బయటి వైఫైలో వార్తలు చదువుదును, దారి వెదకుదును. బ్యాంకు పని మాత్రము నా సొంత ఫోను డేటాతోనే చేసికొందును. మా అవ్వ చెప్పిన ఎత్తి పోసుకొనుట యనగా నాకు ఇదియే.

మొన్న స్వదేశమునకు వచ్చినప్పుడు, దారిలో ఒక రైల్వే స్టేషనున ఉచిత వైఫై పలకను చూచి సంతోషించితిని. 2016 జనవరిలో ముంబై సెంట్రలులో గూగుల్, రైల్‌టెల్ సంస్థలు మొదలిడిన ఆ సేవ తరువాత వేల స్టేషన్లకు ప్రాకినది. కాని ఆ చలివేంద్రము నీళ్ళు పోయుటకు ముందు ఫోను నంబరడుగును. నాది అమెరికా నంబరగుటచే ఓటీపీ రాలేదు, దాహము తీరలేదు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన పీఎం-వాణి పథకము ప్రకారము టీకొట్టువాడైనను లైసెన్సు లేకయే వైఫై నీయవచ్చును గాని, ఆదోనిలో దిగి నేను ఉగ్గాని, బజ్జీ తినుచు కూర్చున్న హోటలులో అట్టిదేమియు లేదు. నేను ఫోనును అటునిటు త్రిప్పుట చూచి, ఎదుటి బల్లమీది కుర్రవాడు, "నెట్టు రాలేదాన్నా? నా హాట్‌స్పాట్ ఆన్ చేస్తా, వాడుకో. పాస్‌వర్డు ఎనిమిది ఒకట్లు" అనెను.

ఆనాడే కట్టవలసిన కారు కంతు జ్ఞప్తికి వచ్చి నా వ్రేలు బ్యాంకు గుర్తు మీదికి పోయి, ఆగి, వెనుకకు వచ్చెను. నాయనకు "ఆదోనిలో దిగినాను" అని ఒక్క వాక్యము పంపి, కుర్రవానికి చాలునని చెప్పితిని. అతడు నా ఊరడుగలేదు, పేరడుగలేదు. టీ త్రాగి వెడలిపోయెను.

ఎమ్మిగనూరు చేరి ఈ సంగతి చెప్పగా, మా నాయన వక్క కొరుకుచు సావధానముగా వినెను. "దీనికి లెక్క యాడ రాసింటారు నాయనా?" అని నేనడిగితిని.

"నీళ్ళు పోసినదానికి లెక్కేముంటాదిలేప్పా" అని, ఒక నిమిషమాగి, "ఎంగిలి చేయలేదు గదా?" అనెను.