విమానం దిగాక వచ్చే డబ్బులు

పోయిన నెల ఓ పెళ్ళికని జగిత్యాల వెళ్ళాను. భోజనాల దగ్గర మా చిన్నాన్న కొడుకు పెద్ద గొంతేసుకుని, "ఇప్పుడు చదువుకునేటోళ్ళకు ఏం అడ్డమున్నదే? సర్కారే ఇరవై లక్షలిచ్చి ఫారిన్ తోలుతాంది. పోకపోతే ఎవల తప్పు?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. నేనూ ఊపాను, నోట్లో బగారన్నం ఉంది మరి. ఇంటికొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. ఆ లిస్టులో పేరొచ్చి కూడా పోలేకపోయిన అమ్మాయి ఒకరు నాకు తెలుసు. పోలేకపోవడంలో నా వాటా కూడా కొంత ఉంది. చాన్నాళ్ళుగా ఎవరికీ చెప్పలేదు, ఇవాళ రాసేస్తున్నా.

ముందు ఆ ఇరవై లక్షల సంగతి. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి అని ఉమ్మడి రాష్ట్రంలో 2013లో మొదలైన పథకం. అప్పుడు పది లక్షలు. తెలంగాణ వచ్చాక ఇరవై చేశారు. మైనారిటీలకు, బీసీలకు విడిగా ఇలాంటివే వచ్చాయి. బీసీలది జ్యోతిబా ఫూలే పేరుతో. కుటుంబ ఆదాయం ఏడాదికి ఐదు లక్షలు దాటకూడదు, డిగ్రీలో మంచి మార్కులుండాలి, జీఆర్ఈ లాంటి పరీక్షలూ, టోఫెలో ఐఈఎల్‌టీఎస్సో రాసుండాలి. మంచి పథకమే. అది లేకపోతే అసలు పాస్‌పోర్టు మొహమే చూడని ఇళ్ళ నుంచి పిల్లలు అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా వెళ్ళారు. దాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదని ముందే మనవి.

కానీ ఆ డబ్బు వచ్చే తీరు చూడండి. రెండు విడతలు. ఆ దేశంలో దిగి, దిగినట్టు ఇమిగ్రేషన్ కాగితం చూపిస్తే మొదటి సగం. మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపిస్తే రెండో సగం. విమానం టిక్కెట్టుకీ యాభై వేల దాకా ఇస్తారు, అదీ కొన్నాక.

ఇంగ్లండు వీసా కావాలంటే ఏం చెయ్యాలి? యూనివర్సిటీకి ముందు డిపాజిట్ కట్టాలి. కడితేనే వీసాకి కావాల్సిన లెటరిస్తారు. వీసా ఫీజు కట్టాలి, వాళ్ళ ఆరోగ్య సర్‌చార్జీ ముందే కట్టాలి. చూపించాల్సిన డబ్బు అకౌంట్లో వరసగా 28 రోజులు కదలకుండా ఉండాలి. అంటే వీసా కావాలంటే డబ్బుండాలి, డబ్బు రావాలంటే విమానం దిగాలి, దిగాలంటే వీసా ఉండాలి. మా సాఫ్ట్‌వేర్ భాషలో దీన్ని డెడ్‌లాక్ అంటారు. రెండు ప్రాసెస్‌లు ఒకదాని కోసం ఒకటి కూర్చుని ఎదురు చూస్తుంటాయి. బయటినుంచి చూసేవాడికి సర్వర్ బానే నడుస్తున్నట్టు కనిపిస్తుంది :)

ఈ డెడ్‌లాక్‌ని బయటినుంచి ఎవడో ఒకడు వచ్చి విప్పాలి. మేనమామో, ఊళ్ళో ఆసామో. అలాంటి మేనమామ ఉన్నవాడికే ఈ పథకం పూర్తిగా పని చేస్తుంది.

ఇప్పుడు నా కథ. మా బాపు సర్కారు బళ్ళో టీచరు. ఉద్యోగంలో తొమ్మిదేళ్ళు ఉట్నూరు ఏజెన్సీలో చేశాడు. మేం కరీంనగర్‌లో ఉండేవాళ్ళం, వేసవి సెలవులకి అక్కడికి పోయేవాళ్ళం. ఓసారి బాపు మార్లవాయి తీసుకెళ్ళి చూపించాడు. 1940లలో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా ఆయన గోండుల మధ్య ఉండి పరిశోధన చేసిన ఊరది. గోండు పిల్లలకు బడి, గోండు టీచర్లకు ట్రైనింగు అక్కడే మొదలయ్యాయి, నిజాం సర్కారు ఖర్చుతో. ఆయన తర్వాత లండన్‌లో ప్రొఫెసరయ్యాడు. ఆయన భార్య సమాధి మార్లవాయిలోనే ఉంది. ఆయన మొదటిసారి మన దేశానికొచ్చింది కూడా 1936లో ఒక ఫెలోషిప్పు మీదే, నాగాలను చదవడానికి. అంటే బయటివాళ్ళు మన కొండల్ని చదవడానికి రావడం తొంభై ఏళ్ళ కిందటే అయ్యింది. ఆ కొండల మీంచి బయటికెళ్ళి చదవడమే ఇంకా అవట్లేదు.

బాపు పని చేసిన ఆశ్రమ పాఠశాలలో ఒక అటెండరు ఉండేవాడు. గోండాయన. బాపుకి జ్వరమొస్తే గంజి కాచి తెచ్చేవాడని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. ఆయన చిన్న కూతురు బాగా చదివింది. హైదరాబాదులో డిగ్రీ, తర్వాత ఓ కోచింగు. 2019లో ఇంగ్లండులో ఒక యూనివర్సిటీలో పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్‌కి సీటొచ్చింది, స్కాలర్‌షిప్పు లిస్టులో పేరూ వచ్చింది. జూలైలో తండ్రీకూతుళ్ళిద్దరూ హైదరాబాదులో మా ఫ్లాటుకొచ్చారు. సంచీలో సీతాఫలాలు కాదు, ఆ సీజను కాదు కదా, ఇప్పపువ్వు లడ్డూలు తెచ్చారు.

అమ్మాయి లెక్క ఓ కాగితం మీద రాసుకొచ్చింది. డిపాజిట్, వీసా, సర్‌చార్జీ, టిక్కెట్టు, మొదటి నెల అద్దె. అన్నీ కలిపి ఆరు లక్షలు చిల్లర. "మొదటి విడత రాంగనే నీ పైసలు నీకే పంపుత అన్నా" అంది. ఆయన ఒక్క మాటే అన్నాడు: "సారుంటే సారునే అడిగేటోన్ని బిడ్డా." బాపు పోయి అప్పటికి మూడేళ్ళు.

బ్యాంకు ఎందుకివ్వలేదని మీరడగొచ్చు. నేనూ అదే అడిగాను. చదువు లోనుకి ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు కావాలి, లోపయితే అక్కర్లేదు, ఇది మనందరికీ తెలిసిన రూలే. ఓ బ్యాంకుకి నాలుగుసార్లు తిరిగారట. ప్రతిసారీ ఇంకేదో కాగితం. చివరికి "భూమేమన్నా ఉందా" అన్నారట. ఉంది, నాలుగెకరాలు. కానీ ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది, గిరిజనుల భూమి గిరిజనేతరులకు అమ్మడానికి వీల్లేదు. ఆ చట్టం లేకపోతే ఆ నాలుగెకరాలు ఎప్పుడో మావాళ్ళ చేతుల్లోకొచ్చేవి, అందులో నాకనుమానం లేదు. కాపాడే చట్టమే, కాకపోతే అమ్మకానికి పోని భూమి మేనేజరు కళ్ళకి తాకట్టుగా ఆనదు.

నా దగ్గర అప్పటికి ఆరు లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి. "రెండ్రోజులు ఆలోచించి చెప్తా" అన్నాను.

రెండ్రోజులు కాదు, పదకొండు రోజులు ఆలోచించాను. నా ఆవిడ ఇచ్చేద్దామనే అంది, తప్పంతా ఆవిడ మీద తోయడానికి కూడా లేదు. మరేం ఆలోచించానంటే... వీసా రాకపోతే? అక్కడ చదవలేక తిరిగొస్తే? మొదటి విడత లేటయితే? ఓ ఎక్సెల్ షీటు కూడా వేశాను, నిజం. ఆ షీటులో అన్ని కాలమ్‌లూ ఉన్నాయి, డిపాజిట్ ఆఖరు తేదీ కాలమ్ తప్ప. అమ్మాయి చెప్పలేదు, మొహమాటం. నేను అడగలేదు. పన్నెండో రోజు ఫోన్ చేసి "ఇస్తాను" అన్నాను, ఏదో దానం చేస్తున్న గొంతుతో. "డేటు మొన్ననే అయిపోయింది అన్నా. పర్వాలేదు, వచ్చే ఏడు చూస్తా" అంది. వచ్చే ఏడు అంటే 2020. అందరికీ తెలుసు ఏమైందో.

ఇక్కడ నా క్లాస్‌మేటు సంగతి చెప్పాలి. వాళ్ళ నాన్న సిరిసిల్లలో మరమగ్గం మీద కూలీ. 2001లో మావాడికి జపాన్ ప్రభుత్వం స్కాలర్‌షిప్పు వచ్చింది, అక్కడి విద్యాశాఖ ఇచ్చేది. మన బోటి దేశాల వాళ్ళు బోలెడుమంది దాని మీద వెళ్తారు. అప్లికేషన్‌కి ఫీజు లేదు. ఢిల్లీలో రాతపరీక్ష, ఇంటర్వ్యూ. సెలెక్టయ్యాక విమానం టిక్కెట్టు వాళ్ళే ఇచ్చారు. ఫీజు వాళ్ళదే, నెలనెలా ఖర్చులకు డబ్బూ వాళ్ళదే. (ఇవాళ్టికీ మాస్టర్స్ వాళ్ళకి నెలకు సుమారు లక్షా నలభై వేల యెన్‌లు ఇస్తారు.) మొదటి నెల డబ్బు చేతికి రావడానికి కొంత టైం పడుతుందంటే మేం హాస్టల్లో తలా కాస్త వేసి ముప్పై వేలు పోగేశాం. ముప్పై వేలంటే హాస్టల్ పిల్లలు పోగెయ్యగలరు. ఆరు లక్షలైతే? పరాయి దేశం మావాణ్ణి నమ్మి టిక్కెట్టు ముందు ఇచ్చింది, సొంత సర్కారు "ముందు దిగు, తర్వాత చూద్దాం" అంటోంది.

ఇదేం కొత్త విషయం కూడా కాదు. 1895లో సరోజినీ నాయుడు పదహారేళ్ళ వయసులో ఇంగ్లండు వెళ్ళింది నిజాం స్కాలర్‌షిప్పు మీద. అప్పటికి మా కరీంనగర్ జిల్లా పేరు ఎలగందుల. ఆ స్కాలర్‌షిప్పు సొమ్ములో ఎలగందుల రైతుల శిస్తూ ఉండే ఉంటుంది. ఆమె ప్రతిభని తక్కువ చెయ్యట్లేదు, కానీ వాళ్ళ నాన్న హైదరాబాదులో కాలేజీ ప్రిన్సిపాలు, దర్బారు తలుపు ఎక్కడుందో తెలిసిన ఇల్లు. 1913లో అంబేద్కర్ కొలంబియా వెళ్ళింది బరోడా మహారాజు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్లతో. తర్వాత లండన్లో చదువుతుండగా స్కాలర్‌షిప్పు గడువు అయిపోతే 1917లో మధ్యలో వదిలేసి రావాల్సొచ్చింది. మళ్ళీ 1920లో గానీ వెళ్ళలేకపోయాడు. అంతటివాడికే మూడేళ్ళు ఆలస్యం. ఎంత డబ్బు అన్నదానికన్నా ఎప్పుడొస్తుంది అన్నదే పెద్ద ప్రశ్న.

కేంద్రానిది నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ అని ఉంది, 1950ల నుంచీ. ఎక్కువ భాగం ఎస్సీలకి, మొత్తం 125 సీట్లు. దాంట్లో పద్ధతి నయం: ఫీజు మన ఎంబసీల ద్వారా యూనివర్సిటీకే పోతుంది, ఖర్చులకు అమెరికాలో అయితే ఏడాదికి 15,400 డాలర్లు. కానీ 2025 జూలైలో పేపర్లలో చూసే ఉంటారు. 106 మందిని ఎంపిక చేసి 40 మందికే లెటర్లిచ్చారు, మిగతా 66 మందికి నిధులుంటే ఇస్తామన్నారు. సెప్టెంబరులో క్లాసులున్న పిల్లలకి జూలైలో ఆ మాట! ఇక గిరిజనులకి వేరేగా ఉన్న పథకంలో దేశం మొత్తానికి ఏడాదికి 20 సీట్లు. అందులో 3 కొలాం, తోటి లాంటి బాగా వెనకబడ్డ తెగలకి. ఆదిలాబాదు, రాజస్థాను, ఒడిశా అన్నీ కలిపి మూడు.

"ముందే ఇస్తే తీసుకుని ఎగ్గొడతారు" అంటారు కొందరు. నిజమే, ఆ భయం ఊరికే పుట్టలేదు. అయితే డబ్బు పిల్లల చేతికివ్వక్కర్లేదు కదా. డిపాజిట్ యూనివర్సిటీకి కట్టండి. టిక్కెట్టు పేరు మీద కొనివ్వండి. వీసా రాకపోతే డిపాజిట్ వెనక్కిచ్చే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. ఇరవైలో ఒక ఐదారు లక్షలు ఇలా ముందుకు జరిపితే చాలు, బడ్జెట్ పైసా పెరగదు. మావైపు దుబాయ్ పోయేవాళ్ళని చూడండి. ఏజెంటుకి ముందే కట్టాలి కాబట్టి నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తారు, రెండేళ్ళ జీతం మిత్తికే పోతుంది. చదువుకి పోయేవాళ్ళని కూడా అదే వడ్డీ వ్యాపారి గుమ్మం దగ్గర నిలబెట్టడానికా స్కాలర్‌షిప్పు?

ఆ అమ్మాయి ఇప్పుడు ఓ గురుకులంలో టీచరు. బాగానే ఉంది, పెళ్ళయింది, ఓ బాబు. నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. మొన్న వాట్సాప్‌లో ఓ ఫారం పంపింది. తన దగ్గర చదివి ఇప్పుడు డిగ్రీ అయిపోయిన కొలాం అబ్బాయిదట, బయటి యూనివర్సిటీలకి అప్లై చేస్తున్నాడు, ఇంగ్లీషు ఓసారి చూడమంది. చూశాను. కింద అన్ని యూనివర్సిటీల డిపాజిట్ తేదీలూ వరసగా టైప్ చేసుంది. "ఈసారి డేట్లు ముందే చెప్తున్న అన్నా" అని ఓ లైను.

మీకూ ఎక్కడో ఓ అటెండరు కూతురో, తాపీ మేస్త్రీ కొడుకో తెలిసే ఉంటారు. వాళ్ళొచ్చి అడిగితే ఇవ్వండి, మానండి, మీ ఇష్టం. కానీ ఆలోచించి చెప్తానని అనే ముందు ఆఖరు తేదీ ఎప్పుడో అడగండి.