మొత్తానికి మా పాత కారు పాసైంది!

డాలస్ నుంచి శాన్ హోసే వచ్చేటప్పుడు మా 2007 కారుని అమ్మబుద్ధి కాలేదు. మా పెద్దాణ్ణి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకుంది ఇందులోనే.

కాలిఫోర్నియాలో ఇలాంటి కారు రిజిస్ట్రేషన్‌కి స్మాగ్ టెస్ట్ (పొగ పరీక్ష) తప్పనిసరి. మొదటిసారి పోయింది. పొగ వల్ల కాదు, ముందురోజు బ్యాటరీ మార్చడం వల్ల! బ్యాటరీ తీస్తే కారు కంప్యూటర్ తన పాత తనిఖీల (మానిటర్ల) ఫలితాలు మర్చిపోతుంది. 2000, ఆ తర్వాతి మోడల్ పెట్రోలు కార్లకి ఇంధన ఆవిరి మానిటర్ ఒక్కటి తప్ప మిగతా మానిటర్లన్నీ పూర్తయి సిద్ధంగా ఉండాలి.

ఆ తనిఖీలు మళ్ళీ పూర్తవ్వాలని వారం పాటు, రాత్రంతా చల్లబడ్డ ఇంజిన్‌తో పొద్దున్నే బయల్దేరి, ఫ్రీవే మీద ఒకే వేగంతో, ఊళ్ళో ఆగుతూ నడిపాం. ఈరోజు పాసైంది.

వేరే రాష్ట్రం నుంచి వచ్చేవాళ్ళకి రెండు మాటలు. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే కోడ్ చెరిపేసి వెళ్ళకండి, అసలు లోపం బాగుచేయించండి. కెటలిటిక్ కన్వర్టర్ మార్చాల్సొస్తే కంపెనీ ఒరిజినల్ గానీ, కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఆమోదం నంబరున్నది గానీ వేయించండి.

తిరిగి తిరిగి విసుగొచ్చిన మాట నిజం. కానీ ఉబ్బసంతో రాత్రిళ్ళు లేచి కూర్చునే మా చిన్నదాన్ని చూస్తే, ఈ పరీక్ష ఉండాల్సిందే అనిపిస్తుంది.