తల్లిగారిల్లు

బైబిల్లో పరలోకాన్ని తండ్రి ఇల్లు అన్నారు. ఆ ఇంట్లో చాలా నివాసాలున్నాయనీ, తాను ముందు వెళ్ళి చోటు సిద్ధం చేస్తాననీ యోహాను సువార్త పద్నాలుగో అధ్యాయంలో యేసు శిష్యులకు చెప్తాడు. దుబ్బాకలో మా అవ్వ మాత్రం ఎన్నడూ తండ్రి ఇల్లు అనలేదు. "నా తల్లిగారింటికి పోత బిడ్డా" అనేది. తెలంగాణలో ఆడపిల్ల పుట్టిన ఇంటి పేరు అదే. పట్టా నాయిన పేరున, పెత్తనం అన్నదమ్ములది, పేరు మాత్రం తల్లిది. కాన్పుకు పోయేది అక్కడికే, ఒడిబియ్యం పోసేది అక్కడే. తల్లి పోతే ఆ ఇల్లు ఉన్నా లేనట్టే. పరలోకాన్ని తండ్రి ఇంటి నుంచి తల్లిగారింటికి మార్చుకోవడానికి అవ్వ ఏ వేదాంతమూ చదవలేదు. ఆమె చదువు సంతకం వరకే. బైబిలు మాతో చదివించుకుని వినేది.

దుబ్బాకలో మగ్గం చప్పుడుకు తోడు బీడీల చాట కూడా తరాలుగా ఆడవాళ్ళ ఒడిలో ఉంది. అవ్వ నలభై ఏళ్ళు బీడీలు చేసింది. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, వెయ్యి లెక్కన కార్ఖానాలో అప్పజెప్పేది. మా ఇంటి మీద స్లాబు పడింది ఆమె పీఎఫ్ పైసలతోనే. ఇల్లు మాత్రం నాయిన పేరున ఉండేది.

నాయిన పోయిన ఏడాదికి అన్నలిద్దరూ ఇల్లు పంచుకున్నారు. అవ్వ నెలకొకరి దగ్గర ఉండాలన్నారు. ఆమెను ఒప్పించడానికి సంఘపెద్ద ఒకాయన వచ్చాడు. ఫిలిప్పీ పత్రిక, హెబ్రీ పత్రిక తిరగేసి, మన పౌరసత్వం పైన ఉందనీ, ఈ భూమ్మీద మనం పరదేశులం, యాత్రికులమనీ వివరించాడు. సొంతిల్లు అక్కడుండగా ఇక్కడి గోడల మీద మనసెందుకమ్మా అన్నాడు.

అవ్వ కొంగు సర్దుకుంది. "నిజమే అయ్యగారూ. కానీ అక్కడిదాంక నడవాలె గదా. నడుమ కూసునేటందుకు నాకొక అర్ర కావాలె" అన్నది. వెనక అర్ర అడిగి తీసుకుంది. దానికి గల్లీ వైపు తలుపు పెట్టించుకుంది. కాగితం మాత్రం రాయించుకోలేకపోయింది. పదకొండేళ్ళు ఆ అర్రలోనే ఉండి, అందులోనే కన్నుమూసింది.

ఆ పంచాయితీలో చట్టం మాటే రాలేదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా చనిపోయిన క్రైస్తవుడికి భార్యాపిల్లలుంటే ఆస్తిలో మూడో వంతు భార్యది. మిగిలింది కొడుకులకూ కూతుళ్ళకూ సమానం. 1951లో ఆ చట్టం అప్పటి హైదరాబాద్ రాష్ట్రానికీ వర్తించింది. 1986లో మేరీ రాయ్ కేసులో కేరళ క్రైస్తవ స్త్రీల పక్షాన సుప్రీంకోర్టు నిలబడింది కూడా ఆ 1951 మార్పు మీదే. అయితే మావాళ్ళలో చాలామంది కాగితం మీద హిందువులు. దళితులు క్రైస్తవులైతే ఎస్సీలు కారని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు గానీ క్రైస్తవులనూ ముస్లింలనూ చేర్చలేదు. పోనీ హిందువులమే అనుకున్నా, 1956 హిందూ వారసత్వ చట్టం కింద భర్త సొంత ఆస్తిలో భార్యకు పిల్లలతో సమానంగా వాటా ఉంది. ఏ మతం లెక్కన చూసినా అవ్వకు ఆ ఇంట్లో భాగముంది. పరలోకం లెక్క తీసినప్పుడే అది లేకుండా పోయింది.

అలాగని పరలోకాన్ని మత్తుమందు అని తోసేస్తే అవ్వ మనకు అర్థం కాదు. ఆమె ఆ ఇంటితో ఇక్కడి ఇళ్ళను కొలిచేది. సిద్దిపేట జిల్లా 2016లో ఏర్పడేదాకా మాది మెదక్ జిల్లా. క్రిస్మస్‌కు మెదక్ పెద్దగుడికి పోయేవాళ్ళం. 1914లో పని మొదలై 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన ఆ గుడిని, వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కరువు కాలంలో కూలికి తిండి పెట్టి కట్టించాడని చెప్పుకుంటారు. బల్ల పైన రంగుటద్దాల కిటికీలో పరలోకానికి ఎక్కిపోతున్న క్రీస్తు ఉంటాడు. అవ్వ దాన్ని చాలాసేపు చూసేది. "దేవునికి ఇంత ఇల్లు కట్టి, కట్టినోళ్ళు గుడిసెలకే మళ్ళిన్రు. అక్కడ గట్ల ఉండది" అనేది.

ఆమె మాతో ఎక్కువసార్లు చదివించుకున్నది లూకా ఇరవయ్యో అధ్యాయం. ఒకరు పోయాక ఒకరుగా ఏడుగురు అన్నదమ్ములకు భార్య అయిన స్త్రీ పునరుత్థానంలో ఎవరి భార్య అవుతుందని సద్దూకయ్యులు యేసును అడుగుతారు. వాళ్ళు ఆమె బతుకు గురించి అడగలేదు. ఆమె ఎవరి సొత్తని అడిగారు. అక్కడ పెళ్ళాడటమూ పెళ్ళికివ్వడమూ లేవని యేసు జవాబు. సంఘాన్ని పెండ్లికుమార్తెగా వర్ణించే ప్రసంగాలు అవ్వకు నచ్చేవి కావు. "మళ్ళొక అత్తగారిల్లా?" అనేది. అప్పగింతలు లేని ఇల్లు ఆమెకు కావలసింది.

నేను గుడికి పోవడం మానేసి చాలా ఏళ్ళయింది. అయినా ఆ నమ్మకంతో నాకు పేచీ లేదు. నాకొక ఇల్లుందని ఆమె అనుకున్నప్పుడు అది ఆమెకు బలం. నీకక్కడ ఇల్లుంది గదా అని వాటాల వేళ ఇంకొకరు ఆమెకు గుర్తుచేస్తే, అది ఇల్లు ఖాళీ చేయమనడం. క్రైస్తవ స్త్రీల గురించి రాసేటప్పుడు ఏం నమ్ముతున్నారన్న దానితో పాటు, ఆ నమ్మకాన్ని ఎవరు, ఎప్పుడు, ఎవరికి చెప్తున్నారన్నదీ చూడాలి.

అవ్వ పోయాక ఆ అర్రకు అన్నలు తాళం వేశారు. చెల్లె, నేను వాటా అడిగాం. వీళ్ళకు పరలోకం కన్నా పట్టా ఎక్కువైందని సంఘంలో అనుకుంటున్నారట. చెల్లె ప్రతి ఆదివారం గుడికి పోతుంది. అవ్వ తల్లిగారింట్లోనే ఉందని గట్టిగా నమ్ముతుంది. వాటా దరఖాస్తు మీద మొదటి సంతకం ఆమెదే.