గృహవిద్య

మా యెఱిఁగిన కుటుంబములలో నీ నడుమ నొక చర్చ బయలుదేఱినది. పిల్లలను బడి మాన్పించి యింటనే యమరకోశమును, కావ్యములను, వ్యాకరణమును, ఆంగ్లసాహిత్యమును, గణితమును జెప్పించుట మేలు కాదా యని కొందఱు మమ్ము నడుగుచున్నారు. మేము సంస్కృతాంగ్లములు రెండును జదివి, యిరువదియేండ్లుగా బడిలోఁ బాఠములు చెప్పుచున్నవారము గావున వెంటనే యౌనందు మని వారి తలంపు. మా యుత్తర మంత సులభముగా లేదు.

వారి యసంతృప్తి నిష్కారణము గాదు. నేఁడు కర్నూలు, కడప పట్టణములలోఁ బెక్కు బడులయందుఁ జదువనఁగాఁ బ్రవేశపరీక్షకు సిద్ధపడుటయే యైనది. పద్యము మార్కులకొఱకుఁ గంఠస్థము చేయఁబడి, పరీక్ష ముగిసిన మఱునాఁడే మఱవఁబడుచున్నది. లెక్కలలో నూటికి నూఱు తెచ్చుకొన్న బాలుఁడు తన తాతకుఁ దెలుఁగున నొక యుత్తరము వ్రాయలేఁడు. మధ్యయుగములందు ఐరోపావారు వ్యాకరణ తర్క వాగ్మిత్వములును, అంకగణిత క్షేత్రగణిత సంగీత జ్యోతిషములును గలిపి యేడు విద్యలుగా నెంచి, యివి స్వతంత్రునకుఁ దగిన విద్య లనిరి. మన పెద్దలును వ్యాకరణ తర్కాలంకారములను బొట్టకూటికొఱకు మాత్రమే చదివింపలేదు. చక్కఁగా నాలోచించుటకును, ఆలోచించినదానిని జక్కఁగాఁ జెప్పుటకును జదివించిరి. ఆ యుద్దేశమును బడి విడిచినప్పు డింటనైన నిలుపవలెనని తల్లిదండ్రులు కోరుట మెచ్చఁదగినదే.

అయినను స్వతంత్రుఁ డనఁగా నెవఁడు? ఈ ప్రశ్న మన సీమచరిత్రకుఁ జాలఁ దగులును. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయవిద్యనుగూర్చి విచారించి తెలుపుఁడని కలెక్టరుల కుత్తరువు చేసెను. నేఁటి ఆదోని, ఆలూరు ప్రాంతము లానాఁడు బళ్ళారి మండలములోనివి. ఆ మండలమున 533 బడులలో 6,641 మంది చదువుచుండిరని 1823లోఁ గలెక్టరు కాంబెల్ వ్రాసెను. అందు బాలికలు 60 మంది మాత్రమే! పిల్లలు పద్యములను జిలుకలవలె వల్లింతురే కాని యర్థ మెఱుఁగరనియు నాయన తెలిపెను. కడప మండలమునుండి వచ్చిన సమాధాన మింకను దలఁపఁదగినది. పేద బ్రాహ్మణబాలురు సొంతయూరు విడిచి పండితుని గ్రామమునకుఁ బోవుదురు. ఆయన తన యింటనే వేతనము గొనక చెప్పును. గ్రామస్థులు వారి కన్నము పెట్టుదురు. వానలేని సీమలో నీ యౌదార్యము మనకు గర్వకారణము. కాని కాఁపు కొడుకున కా చదువు లేదు. పండితుని కూఁతునకును లేదు.

గృహవిద్యలో రెండవలోప మొకటి కలదు. ఇంట గురువు తండ్రి యొక్కఁడే; ఆయన చూడనిది బిడ్డకుఁ గనఁబడదు. ఇంగ్లండున జాన్ స్టూవర్ట్ మిల్లునకుఁ దండ్రి మూఁడవయేటనే గ్రీకుభాష మొదలిడి, బడికిఁ బంపక మహాపండితునిఁగాఁ జేసెను. ఇరువదవయేట నా యువకునకు జీవితమే నిస్సారముగాఁ దోఁచినది. తుదకు వర్డ్స్‌వర్తు కవిత్వము తన్నూఱడించినదని యాయనయే స్వీయచరిత్రమున వ్రాసికొనెను. మన పుట్టపర్తి నారాయణాచార్యులవారు (1914–1990) సంస్కృతపండితుని గృహమునఁ బుట్టినవారే. కాని పెనుగొండలో సబుకలెక్టరు భార్యయైన పిట్ దొరసానియొద్ద నాంగ్లసాహిత్యము నేర్చిరి. అనేకభాషలలోఁ గృషిచేసి, ‘శివతాండవము’ రచించి, ప్రొద్దుటూరు, కడపలలో నధ్యాపకులైరి. ఇంటి విద్యకు బయటినుండి యొక కిటికీ తెఱవఁబడుటచేతనే కదా యా వృక్ష మంతగాఁ బెరిగినది!

మా మిత్రుఁ డొకఁడు తన యిరువురు కుమారులను బెద్ద బడిలోఁ జేర్చి, కూఁతును మాత్రము తొమ్మిదవ తరగతిలో మాన్పించెను. "అమ్మాయికి రఘువంశము మీరు చెప్పుఁడు; కావ్యములు చదివిన పిల్ల యింటి కలంకారము" అనెను. "గృహవిద్య యంత శ్రేష్ఠమైనచోఁ గుమారుల కేల వలదు?" అని మే మడిగితిమి. ఆయన కా ప్రశ్న రుచింపలేదు. రెండు మాసములు మా గడప త్రొక్కలేదు. పిదప నా బాలిక తల్లి పట్టుపట్టి మరల బడికిఁ బంపినది. ఇప్పుడు సాయంకాలములం దా మువ్వురును గలిసియే మాయొద్దఁ జదువుచున్నారు. ఆఱు మొదలు పదునాలుగేండ్లవఱకు నిర్బంధవిద్యను 2010నుండి చట్టము విధించుచున్నది. పదునాలుగు దాఁటిన బాలికను గాపాడవలసినది తల్లిదండ్రుల వివేకమే.

కావున మా యభిప్రాయ మిది. బడి మానరాదు, ఇల్లును మానరాదు. దినమున కొక గంట చాలును. ఒక పద్యమును జదివించి, దాని భావమును బిడ్డచేతఁ దన సొంతమాటలలోఁ జెప్పింపుఁడు. ఒక యాంగ్లపుట చదివించి తెలుఁగు చేయింపుఁడు. త్రాడును మేకును దెచ్చి పెరటిలో వృత్తమును గీయించిన క్షేత్రగణిత మర్థమగును. వేసవిరాత్రి మిద్దెపైఁ బరుండినప్పుడు మన సీమ నిర్మలాకాశమే జ్యోతిషగ్రంథము. పిల్లలు కూర్చుండు చాపపైఁ బనిమనిషి బిడ్డకును జోటుండవలెను. కర్నూలున జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయములకై, వయోజనవిద్యకై పాటుపడినది చదువు కొందఱి సొత్తు కారాదనియే కదా! కడపలో బ్రౌనుదొర నివసించిన చోట నేఁడు గ్రంథాలయ మున్నది; సెలవుదినముల బిడ్డల నచటికిఁ గొనిపొండు. పరులకుఁ బంచిపెట్టిన కొలఁది మన పిల్లల చదువు తఱుగదు.