మూడు వందల మందికి ఎన్ని బాటిళ్లు?

పెళ్లి ఖర్చుల్లో మందు లెక్క ఒక్కటే ఎవరూ కాగితం మీద పెట్టరు. డెకరేషన్‌కు రెండు మూడు కొటేషన్లు తెప్పిస్తారు. మటన్ ఎన్ని కిలోలో ప్లేట్ల లెక్కన తేలుస్తారు. మందు దగ్గరికొచ్చేసరికి మాత్రం "తక్కువ పడొద్దు, అంతే" అంటారు. అన్నయ్య కొడుకు సంగీత్‌కని నేను న్యూజెర్సీ నుంచి వచ్చేసరికి ఇంట్లో ఇదే మాట నడుస్తోంది. ఫంక్షన్ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో, వాళ్ల అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో. పిలిచింది మూడు వందల మందిని.

అమెరికాలో పార్టీలకు ఒక లెక్క వాడతారు. మొదటి గంటలో మనిషికి రెండు డ్రింకులు, ఆ తర్వాత గంటకొకటి. నాలుగు గంటల పార్టీకి ఐదు. అక్కడి పెగ్గు సుమారు 44 ఎం.ఎల్. మూడు వందల మందికీ ఇదే వేస్తే 66 లీటర్లు, అంటే 88 ఫుల్ బాటిళ్లు. మన పెళ్లికి ఈ అంకె పనికిరాదు. మన శుభలేఖ ఇంటిల్లిపాదికీ వెళ్తుంది. తాగేది అందులో ఒకరో ఇద్దరో. వాళ్లు కూడా వారం, మాసం చూసుకుని తాగుతారు.

అసలు లెక్క తెలిసింది మా వదినకే. లిస్టు ముందేసుకుని, పెన్సిల్‌తో ఒక్కో పేరు పక్కన గీతలు పెడుతూ పోయింది. ఒక గీతకు ఒక లార్జ్. "చిన్నమామ శనివారం ముట్టడు, తీసెయ్. ఈయన మాల వేసుకున్నడు. ఈ పిలగానికి రెండు చాలు, మూడోది పడితే గొంతు లేస్తది." ఫంక్షన్ పడింది కార్తీకంలో, అదీ శనివారం. ఆ రెండు కారణాలకే ఎన్నో పేర్లు పోయాయి. చివరికి తాగేవాళ్లు 110 మంది తేలారు. విస్కీకి 70 మంది, బీరుకు 40 మంది. మగవాళ్లం కూర్చుని అంచనా వేస్తే అందులో పరువు వచ్చి కలుస్తుంది. వదిన ప్రతి పేరుకూ ఆ మనిషి ముఖాన్ని, ఇంటికెళ్లాక అతని భార్య పడే పాట్లను తలుచుకుని గీత పెట్టింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా మీద లేచిన ఉద్యమాన్ని నడిపిందీ ఆడవాళ్లే. ఏ ఇంట్లో ఎంత తాగుతున్నారో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

మిగతాది ఎక్కాల పని. విస్కీ మనిషికి సగటున మూడు లార్జ్‌లు, అంటే ఒక క్వార్టర్. డెబ్బై మందికి 12.6 లీటర్లు, పదిహేడు ఫుల్ బాటిళ్లు. రెండు కేసులు తెస్తే 24. సీలు తీయని విస్కీ పాడైపోదు కాబట్టి మిగిలినా బెంగలేదు. బీరు మనిషికి రెండు చొప్పున 80 సీసాలు, ఏడు కేసులు. అది నిలవుండే సరుకు కాదు, ఎక్కువ తేకూడదు. బార్ దగ్గర కొలత లేకపోతే మాత్రం ఈ లెక్కంతా దండగ. చేత్తో పోస్తే 60 ఎం.ఎల్. లార్జ్ కాస్తా 80 అవుతుంది, పదిహేడు బాటిళ్లు ఇరవై మూడవుతాయి. 21 ఏళ్లు నిండనివాళ్లకు పోయొద్దని కూడా పోసే కుర్రాడికి ముందే చెప్పాం.

క్లబ్‌హౌస్‌లో మందు పోయాలంటే ఎక్సైజ్ శాఖ నుంచి ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి. విదేశం నుంచి వచ్చేవాళ్లు సుంకం కట్టకుండా తెచ్చుకోగలిగింది మనిషికి రెండు లీటర్లే. ఎన్నికలుంటే పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు నుంచే షాపులు మూసేస్తారు. తేదీ పెట్టుకునేటప్పుడే ఇవి చూసుకోవాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇంటికెళ్లే దారి. అమెరికా కాన్సులేట్ 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకే మారింది. సంగీత్‌కు వచ్చిన పిల్లల్లో వీసా స్టాంపింగ్ కోసం వచ్చినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 100 ఎం.ఎల్. రక్తంలో ఆల్కహాల్ 80 మిల్లీగ్రాములకు చేరితే నేరం. ఇక్కడ 30 దాటితే చాలు, కేసే. అక్కడ కుదిరిన అంచనాతో ఇక్కడ స్టీరింగ్ పట్టుకోకూడదు. మొదటిసారి దొరికినా పది వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉండనే ఉంది. తాగి నడిపి అరెస్టయితే చేతిలో ఉన్న వీసానూ రద్దు చేయగలరు. కేసులూ వీసాలూ పక్కన పెట్టండి, పెళ్లికొచ్చిన మనిషి క్షేమంగా ఇల్లు చేరకపోతే ఆ ఇంటికి మనం ఏం చెప్పగలం?

అందుకే గంటల లెక్కన వచ్చే డ్రైవర్లను మాట్లాడాం. గ్లాసు చేతికిచ్చేముందే కారు తాళాలు తీసుకున్నాం. భోజనాలు తొమ్మిదికే మొదలుపెట్టి, పదిన్నరకు బార్ మూసేశాం. డ్రైవర్ల డబ్బు మందు బడ్జెట్‌లోనే రాయించాం, విడి ఖర్చయితే ముందు కొట్టేసేది దాన్నే.

మాఘంలో పెళ్లి పెట్టుకున్నవాళ్లకు నా మనవి ఒక్కటే. బాటిళ్లు ముందు రోజు కొన్నా దొరుకుతాయి. ముహూర్తాల రోజుల్లో డ్రైవర్లు దొరకరు, వాళ్లకు ఇప్పుడే ఫోన్ చేయండి.