నాతోని కాదు

కొత్తవాడలో మగ్గం ఆగినప్పుడు ముందుగా వినబడే మాట "నాతోని కాదు". దాని వెనకే "నా నసీబే ఇంత". వరంగల్‌లోని ఈ నేతన్నల వాడ జంపఖానాలకు పేరు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు ఓరుగల్లు తివాచీ వెళ్లింది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత పనితనం చేతుల్లో ఉన్న మనిషి తనను చేతకానివాడిగా లెక్కేసుకోవడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

అతని రాబడి తగ్గింది నిజమే. యంత్రం మీద దిగిన కార్పెట్లు, ప్లాస్టిక్ చాపలు చవకగా బజారును నింపేశాయి. నూలు ధర అతను చెప్పినట్టు వినదు. జంపఖానా ధరా అంతే. 1934లో పుట్టి ఎన్ని ఇళ్లకో అన్నం పెట్టిన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లే మూతపడింది. మిల్లు పడిపోతే జనం కారణాలు వెతికారు. ఇంట్లో మగ్గం ఆగితే మాత్రం కారణాల జోలికి పోకుండా మనిషి నేరుగా తన మీదే పడతాడు. బిడ్డ ఫీజు కట్టలేని రోజు "నేనేం తండ్రిని" అంటాడు.

ఆడవాళ్ల సంగతి ఇంకా లోతు. కండెలు చుట్టే ఇల్లాలిని "ఏం పని చేస్తవమ్మా?" అని అడిగితే "ఏం లేదు, ఇంట్లనే ఉంట" అంటుంది. ఆ మాట అంటున్నప్పుడు కూడా కుడిచెయ్యి రాట్నం తిప్పుతూనే ఉంటుంది, ఎడమచేతి వేళ్ల మధ్య నుంచి నూలు జారుతూనే ఉంటుంది. తన పనిని తానే లేనట్టు చేసుకోవడం, నా దృష్టిలో, తిట్టుకోవడం కంటే పెద్ద గాయం.

క్రిస్టిన్ నెఫ్ అనే అమెరికా మనస్తత్వవేత్త 2003లో స్వీయ కరుణను వివరిస్తూ మూడు సంగతులు చెప్పారు. తన పట్ల దయ, కష్టం తనొక్కడిదే కాదన్న ఎరుక, బాధను ఉన్నదున్నట్టు చూడటం. వీటిలో రెండోదే మన వాడకు అన్నిటికన్నా అవసరమని నా నమ్మకం. పక్కింటి మగ్గమూ ఆగిందంటే లోపం ఒక మనిషిలో లేదు కదా!

తనపై తాను దయ చూపితే మనిషి సోమరి అవుతాడని పెద్దల భయం. కాలిఫోర్నియాలో జులియానా బ్రైన్స్, సెరీనా చెన్ 2012లో ప్రచురించిన పరిశోధన అందుకు ఎదురుగా ఉంది. కఠినమైన పరీక్షలో దెబ్బతిన్న విద్యార్థుల్లో, తమ మీద కరుణతో ఆలోచించమని చెప్పినవాళ్లే మలి పరీక్షకు ఎక్కువసేపు చదివారు. నేతగాడికి ఇది కొత్త కాదు. పోగు తెగితే మగ్గం ఆపి, రెండు కొసలూ వెతికి ముడేస్తాడు, మళ్లీ నేస్తాడు. పోగును తిడుతూ కూర్చోడు.

దోస్తు దిగాలు పడితే "గట్లనకే అన్నా, సరుకు కదుల్తలేదు గని నీ పనికేమైంది?" అనే నోరు ఇదే. ఆ మాటే ఒకసారి తన పేరు పెట్టుకుని తనకూ చెప్పుకోవాలి. దుఃఖం బతకాలన్న ఆశనే తినేస్తుంటే ఒంటరిగా మోయొద్దు. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ఇక ఎవరైనా కాగితం పట్టుకొచ్చి ఏం పని అని అడిగితే, రాట్నం ముందున్న ఆ తల్లి "నేత పని" అని రాయించుకోవాలి.